అడుగు ఎన్ని సెంటీమీటర్లు?

భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే పార్కు చుట్టూ పక్కపక్కనే నడిచి ఇంటికొచ్చారనుకుందాం. ఆయన బ్యాండు 4.6 కిలోమీటర్లంటుంది. ఆమెది 4.1 దగ్గరే ఆగింది. బయల్దేరిన గేటు ఒకటే, తిరిగిన దారి ఒకటే. ఇద్దరిలో ఒకరి బ్యాండు పాడైందని, కాస్త ఖరీదైనది కొనుక్కోవాలని అనుకోవడం సహజం. కానీ చాలా ఇళ్లలో ఆ రెండు బ్యాండ్లూ బాగానే పనిచేస్తుంటాయి. అడుగుల్ని రెండూ దాదాపు సరిగ్గానే లెక్కపెడతాయి. తేడా పుట్టేది ఆ తర్వాత చేసే గుణకారంలో.

జీపీఎస్ వాడనప్పుడు బ్యాండు దూరం తేల్చే పద్ధతి చాలా సాదాది. లోపలున్న యాక్సిలరోమీటర్ చెయ్యి ఊగే తీరును, ఒంటి కుదుపును బట్టి అడుగుల్ని పోల్చుకుంటుంది. వచ్చిన సంఖ్యను అడుగు పొడవుతో గుణిస్తే కిలోమీటర్లు. మరి అడుగు పొడవు ఎంతో దానికి ఎవరు చెప్పారు? నిజానికి ఎవరూ చెప్పలేదు. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు నింపిన ఎత్తును బట్టి అదే ఊహించుకుంది.

ఆ ఊహకు బాగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. మగవాళ్ల ఎత్తును 0.415తో, ఆడవాళ్ల ఎత్తును 0.413తో గుణిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు అడుగు 66 సెంటీమీటర్లని తేలుతుంది. 170 సెంటీమీటర్ల మగమనిషికి 70.5. వేలాది మందికి కలిపి సగటు తీస్తే ఇది తప్పుడు లెక్కేం కాదు. ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం రెడీమేడ్ చొక్కా సంగతే: కొందరికి అతికినట్టు సరిపోతుంది, కొందరికి భుజాల దగ్గర జారిపోతుంది. ఎత్తు ఒకటే అయినా ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి నడుం పైభాగం పొడవు. ఒకరు బూట్లు వేసుకుని దూకుడుగా నడుస్తారు, ఇంకొకరు హవాయి చెప్పులు జారకుండా వేళ్లు బిగబట్టి నడుస్తారు. చీర కుచ్చిళ్లు అడుగును కుదిస్తాయి. మోకాలి నొప్పి ఇంకా కుదిస్తుంది.

66 అనుకున్న అడుగు నిజానికి 60 సెంటీమీటర్లే అయితే ఏమవుతుంది? 10,000 అడుగులకు బ్యాండు 6.6 కిలోమీటర్లు చూపిస్తుంది, నడిచింది 6. రోజుకు 600 మీటర్ల తేడా నెల తిరిగేసరికి 18 కిలోమీటర్లవుతుంది. రోజుకు ఇన్ని అడుగులని మాత్రమే లక్ష్యం పెట్టుకున్నవాళ్లకు దీనితో పనిలేదు. 10,000 అడుగుల లెక్కే 1965లో జపాన్‌లో యమాసా కంపెనీ అమ్మిన ‘మన్‌పో-కెయ్’ అనే అడుగుల యంత్రంతో వ్యాప్తిలోకి వచ్చింది. అక్కడ దూరం ప్రసక్తే లేదు. కిలోమీటర్లలో లెక్క చూసుకునేవాళ్లు, ఫలానా దూరం ఇన్ని నిమిషాల్లో పూర్తిచేయాలని సాధన చేసేవాళ్లు, ఆపరేషన్ తర్వాత మళ్లీ నడక నేర్చుకుంటున్నవాళ్లు అడుగు కొలత తేల్చుకోక తప్పదు.

అడుగునే కొలబద్ద చేసుకుని ఒక దేశాన్ని కొలిచిన మనిషి ఉన్నాడు. కుమావూ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన బడిపంతులు నైన్ సింగ్ రావత్. 1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణమితి సర్వే హిమాలయాల దాకా వచ్చి ఆగింది. అవతల టిబెట్‌లోకి తెల్లదొరలకు ప్రవేశం లేదు. సర్వే అధికారి మాంట్‌గోమరీ స్థానికులను యాత్రికుల వేషంలో పంపాలని తలపెట్టాడు. డెహ్రాడూన్‌లో వాళ్లకిచ్చిన శిక్షణలో ముఖ్యమైనది నడకే. ఎగుడైనా, దిగుడైనా, చదునైనా అడుగు పొడవు మారకూడదు. జపమాలలో ఉండాల్సిన 108 పూసలకు బదులు 100 పూసలు గుచ్చారు. వంద అడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు. చేతిలో తిప్పే ప్రార్థనా చక్రంలో మంత్రాల చుట్టకు బదులు ఆ రోజు రాసుకున్న కొలతల కాగితాలు ఉండేవి. 1865లో ఖాట్మండూ దారిన బయల్దేరిన నైన్ సింగ్ 1866 జనవరిలో లాసా చేరాడు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

అనుకున్న కొలతకు తగ్గట్టు నైన్ సింగ్ తన అడుగును తీర్చిదిద్దుకున్నాడు. బ్యాండు కట్టుకున్నవాళ్లకు అంత కష్టం అక్కర్లేదు. సహజంగా పడే అడుగు ఎంతో కొలిచి, ఆ అంకెను యాప్‌లో మార్చుకుంటే చాలు.

అన్నిటికంటే ముందు కావలసింది పొడవు కచ్చితంగా తెలిసిన నేల. చాలామంది తొందరపడి తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫోన్‌లో మ్యాపు తెరిచి ఇంటి నుంచి పాలకేంద్రం దాకా 450 మీటర్లని చూసి, దాన్నే ఆధారంగా తీసుకుంటారు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్‌లో ఐదు మీటర్ల దాకా తేడా ఉండటం మామూలు. చెట్ల గుబురు కింద, ఫ్లైఓవర్ల కింద, హైటెక్ సిటీ లాంటి చోట్ల అద్దాల భవనాల మధ్య అది ఇంకా పెరుగుతుంది. రెండు మూడు కిలోమీటర్ల నడకలో ఐదు మీటర్లు లెక్కలోకి రావు. చిన్న దూరంలో మాత్రం ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

నమ్మదగింది 400 మీటర్ల అథ్లెటిక్ ట్రాక్. అక్కడా ఒక మెలిక ఉంది. 400 మీటర్లు అనేది అన్నిటికంటే లోపలి లేనుకు మాత్రమే, అదీ లోపలి గట్టుకు 30 సెంటీమీటర్ల ఎడంగా పరుగెత్తితే. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. రెండో లేనులో చుట్టు తిరిగితే దాదాపు 407 మీటర్లు, ఎనిమిదో లేనులో 453 మీటర్లు అవుతుంది. స్టేడియంలో పరుగెత్తేవాళ్లకు అడ్డం రాకూడదని పెద్దవాళ్లు మర్యాదగా చివరి లేనులో నడుస్తారు. మంచి పనే. చుట్టుకు 400 అని మాత్రం రాసుకోకూడదు. జూనియర్ కాలేజీ, హైస్కూలు గ్రౌండ్లలో సున్నంతో గీసే ట్రాకులు 200 మీటర్లో, 300 మీటర్లో ఉంటాయి. ముందుగా పీఈటీని అడిగి తెలుసుకోవడం మేలు.

ట్రాక్ దగ్గర్లో లేని ఊళ్లలో రోడ్డు పక్క రాళ్లే ఆధారం. కిలోమీటరు రాయికీ కిలోమీటరు రాయికీ మధ్య 2, 4, 6, 8 అంకెలతో చిన్న రాళ్లు కనిపిస్తాయి. అవి 200 మీటర్లకు ఒకటి చొప్పున పాతినవి. అయితే కల్వర్టు అడ్డొచ్చిన చోట రాయి కాస్త పక్కకు జరుగుతుంది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకి మళ్లీ పాతుతారు. కాబట్టి ఒక్క 200 మీటర్ల ముక్కను నమ్ముకోకుండా ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో కిలోమీటరు రాయి దాకా నడవడం మంచిది. లారీలు తిరిగే హైవే మీద ఈ పని పెట్టుకోకూడదు. ఊరి రోడ్డే కావాలి, అదీ బాగా వెలుతురున్నప్పుడు.

అదీ కుదరకపోతే మేస్త్రి దగ్గరుండే 30 మీటర్ల టేపు తెచ్చుకోవచ్చు. సందడి లేని తిన్నటి వీధిలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర బిగువుగా పట్టుకుని సుద్దముక్కతో గీతలు పెడుతూ నాలుగు సార్లు జరిపితే 120 మీటర్లు. అటూ ఇటూ నాలుగైదు సార్లు నడిస్తే లెక్క తీయడానికి సరిపోతుంది.

టేపు మీద ఇంత పట్టింపు ఎందుకనిపిస్తే, మారథాన్ దారుల్ని ఎలా కొలుస్తారో చూడాలి. ప్రపంచమంతటా రోడ్డు పరుగుల దూరాన్ని ధ్రువీకరించేది జీపీఎస్‌తో కాదు, సైకిల్‌తో. 1971లో అమెరికన్ ఇంజనీరు అలన్ జోన్స్ రూపొందించిన కౌంటరును ముందు చక్రం ఇరుసుకు బిగిస్తారు. చక్రం ఒక్కసారి తిరిగితే అది ఇరవై, అంతకుపైగా అంకెలు లెక్కపెడుతుంది. ఉక్కు టేపుతో కొలిచిన, కనీసం 300 మీటర్ల తిన్నటి దారి మీద ముందు ఆ సైకిల్‌ను నాలుగుసార్లు నడిపి, కిలోమీటరుకు ఎన్ని అంకెలో తేల్చుకుంటారు. ఆ తర్వాతే అసలు దారి కొలుస్తారు. కొలిచాక అదే రోజు మళ్లీ టేపు దారికొచ్చి ఇంకో నాలుగుసార్లు నడుపుతారు. ఎండ ఎక్కితే టైరులో గాలి వ్యాకోచించి చక్రం చుట్టుకొలత రవ్వంత పెరుగుతుంది గనుక ఈ జాగ్రత్త. చివరికి దూరం తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. 42.195 కిలోమీటర్ల పరుగులో ఆ కలిపిందే 42 మీటర్లు. మలుపుల దగ్గర వీలైనంత దగ్గరి దారినే కొలుస్తారు, పరుగెత్తేవాళ్లు మాత్రం జనంలో అటూ ఇటూ తప్పుకుంటూ పోతారు. ఈ కారణాలన్నీ కలిసి చాలామంది వాచీల్లో పరుగు ముగిసేసరికి 42.195 కంటే ఎక్కువే కనిపిస్తుంది. అలాంటప్పుడు నిర్వాహకుల మీద విరుచుకుపడటం న్యాయం కాదు. ఎవరు ఎక్కువ జాగ్రత్తగా కొలిచారన్నది ఇక్కడ స్పష్టంగానే ఉంది.

ఇక నడక. గీత దగ్గర నిలబడి అక్కడి నుంచే మొదటి అడుగు వేస్తే మొదటి నాలుగైదు అడుగులు పొట్టిగా పడతాయి. అందుకే గీతకు పది మీటర్లు వెనక నుంచి బయల్దేరి, మామూలు వేగం అందుకున్నాక గీత దాటుతూ లెక్క మొదలుపెట్టాలి. చివర్లోనూ గీత దాటాకే నెమ్మదించాలి. రెండు కాళ్లనూ లెక్కపెట్టబోతే మూడు వందల దగ్గర తడబాటు ఖాయం. కుడికాలు నేల తాకినప్పుడే ఒకటి అనుకుని, చివరికి రెండుతో గుణించడం తేలిక. వందకొక చింతగింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకుంటే మధ్యలో ఎవరు పలకరించినా లెక్క చెదరదు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. లెక్కపెడుతున్నామన్న స్పృహ రాగానే మనిషి నడక మారిపోతుంది. అడుగు బిర్రుగా, కొంచెం పొడవుగా పడుతుంది. అందుకే మొదటి చుట్టును లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడం మంచిది.

ఉదాహరణకు ఒకరు ట్రాక్ లోపలి లేనులో రెండేసి చుట్లు చొప్పున మూడుసార్లు నడిచారు. ప్రతిసారీ 800 మీటర్లు. అడుగులు 1268, 1281, 1259 వచ్చాయి. సగటు 1269. 800ను 1269తో భాగిస్తే 0.63, అంటే 63 సెంటీమీటర్లు. మూడుసార్ల మధ్య ఇరవై ముప్పై అడుగుల తేడా ఎవరికైనా ఉండేదే. వందకు పైగా తేడా వస్తే లెక్క తప్పి ఉండాలి, లేదా నడక వేగం మారి ఉండాలి.

వేగం సంగతి కాస్త నిదానించి చెప్పుకోవాల్సింది. మనిషి వడి పెంచినప్పుడు నిమిషానికి వేసే అడుగుల సంఖ్యతో పాటు అడుగు పొడవు కూడా పెరుగుతుంది. నిమిషానికి 100 అడుగులు వేస్తూ 62 సెంటీమీటర్ల చొప్పున నడిచే మనిషి, 120కి చేరినప్పుడు 70 సెంటీమీటర్ల అడుగు వేయొచ్చు. ఒక్క అంకె ఇచ్చి రెండు నడకలకూ అదే వర్తిస్తుందనుకుంటే ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ చూపిస్తుంది. రోజూ వాకింగ్‌కు వెళ్లే వేగంతోనే కొలవడం తెలివైన పని. ఇంట్లో, ఆఫీసులో అటూ ఇటూ తిరిగే అడుగుల దూరం ఎలాగూ ఉజ్జాయింపే. దాని కచ్చితత్వం కోసం బెంగపడక్కర్లేదు. పరుగు అలవాటున్నవాళ్లు మాత్రం పరుగు అడుగును విడిగా కొలుచుకోవాలి. చాలా యాప్‌లలో నడకకు ఒక గడి, పరుగుకు ఒక గడి విడివిడిగా ఉండేది అందుకే.

నోటితో లెక్కపెట్టిన అడుగులు 1269. అదే నడకలో బ్యాండు 1230 చూపిందనుకుందాం. ఇప్పుడు 800ను దేనితో భాగించాలి? కాలు అసలు ఎంత సాగుతోందో తెలియాలంటే 1269తో. బ్యాండు చూపే దూరం సరిపోవాలంటే 1230తో. అప్పుడు అంకె 65 అవుతుంది. అది అసలు అడుగు కాదు. కానీ బ్యాండు ప్రతి వందలో మూడు అడుగులు వదిలేస్తుంటే ఆ లోటును ఈ అంకె పూడ్చేస్తుంది. దూరమే కావాలనుకునేవాళ్లకు రెండో పద్ధతే సరైనది. ఒక్క షరతు: బ్యాండు చేసే పొరపాటు రోజూ ఒకేలా ఉండాలి. ఒకరోజు చేతులు ఊపుతూ, ఒకరోజు ఆ చేత్తోనే కూరగాయల సంచి పట్టుకుని నడిస్తే ఏ అంకె కూడా నిలవదు. పాప బండి తోస్తున్నా, జేబులో చెయ్యి పెట్టుకున్నా మణికట్టు కదలదు, అడుగులు ఎగిరిపోతాయి. దానికి ఎదురు, గుంతల రోడ్డు మీద స్కూటరు నడిపినా, చపాతీలు వత్తినా లేని అడుగులు వచ్చి చేరొచ్చు.

అంకె ఎక్కించడం రెండు నిమిషాల పని. ఫిట్‌బిట్ యాప్‌లో ‘స్ట్రైడ్ లెంగ్త్’ అన్న చోట ఆటోమేటిక్ తీసేసి సొంత అంకె రాసుకోవచ్చు. గార్మిన్ కనెక్ట్‌లో ‘కస్టమ్ స్ట్రైడ్ లెంగ్త్’ ఉంటుంది. యాపిల్ వాచీ మాత్రం సొంత అంకె అడగదు. చదునుగా, ఆకాశం తెరిపిగా ఉన్న చోట లొకేషన్ ఆన్‌లో ఉంచి, అవుట్‌డోర్ వాక్ పెట్టుకుని సుమారు ఇరవై నిమిషాలు రోజూ నడిచే వేగంతో నడిస్తే అదే నేర్చుకుంటుంది. ఎత్తు, బరువు తప్ప వేరే గడే లేని చవక బ్యాండ్లు కొన్ని ఉన్నాయి. అక్కడ ఒక చిట్కా పనిచేస్తుంది: దూరం సరిపోయేదాకా ఎత్తు గడిలో అంకెను కొద్దికొద్దిగా మార్చి చూడొచ్చు. కాకపోతే ఎత్తు మారితే క్యాలరీల లెక్క కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. ఇంకో జాగ్రత్త, కొన్ని పరికరాలు ఒక అడుగు పొడవును అడుగుతాయి, కొన్ని కుడికాలు పడ్డ చోటి నుంచి మళ్లీ కుడికాలు పడే చోటి దాకా అడుగుతాయి. గడిలో ముందే ఉన్న అంకె చూస్తే తెలిసిపోతుంది. 60, 70 సెంటీమీటర్లుంటే ఒక అడుగు. 120, 140 ఉంటే రెండు.

ఇంత చేసినా ఈ లెక్క పనికిరాని చోట్లున్నాయి. తిరుమల కొండ అందుకు చక్కటి ఉదాహరణ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దూరం సుమారు 9 కిలోమీటర్లు. భాగిస్తే మెట్టుకు రెండున్నర మీటర్లు పడుతుంది. అంటే దారిలో చాలా భాగం మెట్లు కాదు, మెట్లకూ మెట్లకూ మధ్యనున్న బాట. అందుకే పైకి చేరాక బ్యాండులో మెట్ల సంఖ్యకు నాలుగింతల అడుగులు కనిపించినా ఆశ్చర్యం లేదు. శ్రీవారి మెట్టు దారి వేరు: 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. అక్కడ అడుగు పొడవును నిర్ణయించేది కాలు కాదు, రాతి మెట్టు వెడల్పు. అలిపిరి దారిలోనూ గాలిగోపురం ముందు నిటారు మెట్ల మీద అడుగు ముప్పై నలభై సెంటీమీటర్లకు మించదు. బ్యాండు మాత్రం దాన్ని 63 అనే గుణిస్తుంది. కొండెక్కిన దూరాన్ని బ్యాండులో చూసుకోవడం కంటే దారి పొడవునే నమ్ముకోవడం మంచిది.

ఈ కొలత అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లు కానిస్టేబుల్ ‘ఈవెంట్స్’కు సాధన చేస్తున్న కుర్రాళ్లు. 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున ఊరి రోడ్ల మీద పరుగెత్తుతూ, బ్యాండు 1.6 చూపగానే ఆగి సమయం చూసుకుంటారు. బ్యాండు మూడు శాతం ఎక్కువ చూపేదైతే వాళ్లు పరుగెత్తింది 1553 మీటర్లే. మిగిలిన 47 మీటర్లకు, 8 నిమిషాల్లో 1600 పూర్తిచేసే వేగంతో లెక్కేస్తే, 14 సెకన్లు పడుతుంది. నెలల తరబడి చెమటోడ్చినవాడికి ఆ 14 సెకన్ల సంగతి అసలు మైదానంలో తెలియడం అన్యాయం. వారానికి ఒక్కసారైనా 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు పరుగెత్తి స్టాప్‌వాచీతో సమయం చూసుకోవాలి. మిగతా రోజులు బ్యాండు చాలు, అది కూడా పరుగు అడుగు కొలిచి ఎక్కించాకే.

అంకె మార్చాక ఒక పరీక్ష మిగిలింది. కొలిచిన చోట కాకుండా, దూరం తెలిసిన ఇంకో చోట ఒక కిలోమీటరు నడిచి చూడాలి. 980కీ 1020కీ మధ్య చూపిస్తే దాన్ని ఇక కదపక్కర్లేదు. బూట్లు మారినప్పుడు, బరువు బాగా పెరిగినా తగ్గినా, గర్భం చివరి నెలల్లో, కాలికి దెబ్బ తగిలి తగ్గాక మళ్లీ కొలవాలి.

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ల విషయంలో ఈ కొలతకు ఇంకో విలువ ఉంది. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో అడుగు 40 సెంటీమీటర్లే పడొచ్చు, నెలలు గడిచేకొద్దీ 50, 55 కావొచ్చు. యాప్‌లో అంకె మారకుండా ఉంటే ఆ మెరుగు ఎక్కడా కనిపించదు. అడుగుల సంఖ్య ఒకటే, చూపే దూరం ఒకటే. రోగి ఎంత కోలుకున్నాడో చూడటానికి ఆస్పత్రుల్లో చేసే ఆరు నిమిషాల నడక పరీక్షను 30 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టిన వరండాలోనే చేయిస్తారు, చేతి బ్యాండును ఆధారంగా తీసుకోరు. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో టేపుతో 20 మీటర్లు కొలిచి రెండు గీతలు పెట్టుకోవడం ఇంట్లో ఎవరైనా చేసిపెట్టగల పని. పదిహేను రోజులకోసారి ఆ గీతల మధ్య పెద్దాయన ఎన్ని అడుగులు వేశారో తేదీతో పాటు క్యాలెండర్ మీద రాసిపెట్టి, ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ఆ కాగితం చూపిస్తే వ్యాయామం పెంచాలో, ఇంకొన్నాళ్లు ఆగాలో ఆయన దాన్నిబట్టి చెబుతాడు.